కార్బన్ నానోట్యూబులు: ఒక్క గొట్టం లెక్క వేరు, గుప్పెడు పొడి లెక్క వేరు

కార్బన్ నానోట్యూబుల గురించి ఎక్కడ చదివినా మొదటి పేరాలోనే మూడు మాటలు ఎదురవుతాయి. ఉక్కు కంటే ఎన్నో రెట్లు గట్టివి, రాగిని మించిన వాహకాలు, క్యాన్సర్ కణం దాకా మందు మోసుకెళ్లే గొట్టాలు అని. మూడింటికీ ప్రయోగాల ఆధారం ఉంది. మరైతే కృష్ణపట్నం థర్మల్ ప్లాంట్ల నుంచి బయల్దేరే హైటెన్షన్ లైన్లలో ఇప్పటికీ ఉక్కు తీగ మీద పేనిన అల్యూమినియమే ఎందుకుంది? నెల్లూరు ఆసుపత్రుల్లో కీమో మందు ఇప్పటికీ సెలైన్ స్టాండు నుంచే నరంలోకి ఎందుకు దిగుతోంది?

పరిశోధకులకు చేతకాక కాదు. ఒక్క గొట్టాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి కొలిచిన గుణం ఒకటి, కిలో పొడి చేతికొచ్చాక మిగిలే గుణం ఇంకొకటి. పైగా ఫ్యాక్టరీలో మెచ్చుకునే లక్షణమే ఒంట్లోకి వెళ్లాక తలనొప్పి అవుతుంది. ఈ రెండు సంగతులు పట్టుకుంటే మిగతా చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ముందు అసలు వస్తువేమిటో చూద్దాం. కార్బన్ పరమాణువులు ఒక్కొక్కటీ పక్కనున్న మూడింటితో జతకట్టి, ఆరు మూలల గళ్ళుగా ఒకే పొరలో పరుచుకుంటే దాన్ని గ్రాఫీన్ అంటారు. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ ఇలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నదే. పొర లోపల పరమాణువుల మధ్య బంధం చాలా గట్టిది. పొరకూ పొరకూ మధ్య పట్టు మాత్రం అంతంతే, అందుకే పెన్సిల్‌తో రాస్తుంటే పొరలు జారి కాగితానికి అంటుకుంటాయి. ఒక్క పొర అంచులు కలిసి గొట్టంలా మూసుకుంటే అదే నానోట్యూబు. ఒకే పొర ఉంటే సింగిల్ వాల్ అంటారు, ఒకదాంట్లో ఒకటి దూరిన గొట్టాలైతే మల్టీ వాల్. సింగిల్ వాల్ అడ్డుకొలత సుమారు 1 నానోమీటరు, మల్టీ వాల్‌ది మామూలుగా 5 నుంచి 50 నానోమీటర్లు. తలవెంట్రుక మందం 80,000 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుందంటే ఇవెంత సన్నమో తెలుస్తుంది. పొడవు మాత్రం అడ్డుకొలతకు వేల రెట్లు. ఈ నిష్పత్తిని గుర్తుపెట్టుకోండి. దీని విలువలో చాలా భాగం అక్కడే ఉంది, ప్రమాదంలో చాలా భాగం కూడా.

నిజానికి ఫ్యాక్టరీలో ఎవరూ కూర్చుని పొరల్ని చుట్టరు. ఇనుము, కోబాల్ట్, నికెల్ లాంటి లోహాల సూక్ష్మ కణాల మీదికి మీథేన్, ఇథిలీన్, అసిటిలీన్ లాంటి వాయువును 600 నుంచి 1,000 డిగ్రుల వేడిలో పంపిస్తారు. వాయువు విడిపోతుంది, అందులోని కార్బన్ లోహపు కణానికి చేరి, దాని మీంచి గొట్టంగా మొలుచుకొస్తుంది. చివరికి దొరికేది నల్లటి పొడి. అందులో గొట్టాలతో పాటు లోహపు తునకలు, మసి కూడా ఉంటాయి. వాటిని వదిలించడం వేరే పని, వేరే ఖర్చు.

గొట్టం ఎలా మూసుకుందన్నది చిన్న విషయం కాదు. గళ్ళ లుంగీ కుట్టేటప్పుడు రెండు అంచులనూ గడికి గడి కలిపితే అడ్డగీత చుట్టూ తిరిగొచ్చి తనతో తానే కలుస్తుంది. ఒక గడి జరిపి కుడితే అదే గీత మెలి తిరుగుతూ పైకి పోతుంది. లుంగీకైతే నష్టం చూపుకే. నానోట్యూబుకు మాత్రం ఒక్క గడి తేడాతో స్వభావమే మారిపోతుంది. గళ్ళు ఏ దిక్కున ఎన్ని జరిగాయో చెప్పడానికి శాస్త్రవేత్తలు ప్రతి గొట్టానికీ రెండు అంకెలు ఇస్తారు. ఆ రెండింటి తేడాను 3తో శేషం లేకుండా భాగించగలిగితే ఆ గొట్టం దాదాపు లోహంలా కరెంటును పోనిస్తుంది. లేకపోతే సిలికాన్ లాగా అర్ధవాహకం, అంటే కరెంటును కావాలంటే పోనిచ్చి, వద్దంటే ఆపగలిగేది. పరమాణువులు అవే, బంధాలు అవే, అంచులు కలిసిన తీరు ఒక్కటే వేరు. ఈ పదార్థంలో నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఇదే. ఏ జాగ్రత్తా తీసుకోకుండా తయారు చేస్తే మూడింట ఒక వంతు లోహ స్వభావంతో, మిగతా రెండు వంతులు అర్ధవాహకాలుగా కలగాపులగంగా వస్తాయి. ఎలక్ట్రానిక్స్ వాళ్ల కష్టమంతా ఈ కలగాపులగంతోనే.

కనిపెట్టింది ఎవరంటే అందరూ చెప్పే పేరు జపాన్‌లోని ఎన్ఈసీ సంస్థ శాస్త్రవేత్త సుమియో ఇజిమా, సంవత్సరం 1991. ప్రపంచం కళ్లు తెరిపించింది ఆయన పేపరే, సందేహం లేదు. కానీ 1952లోనే రదుష్‌కెవిచ్, లుక్యనోవిచ్ అనే సోవియట్ శాస్త్రవేత్తలు కార్బన్ గొట్టాల ఫొటోలు అచ్చువేశారు. రష్యన్ భాషలో ఉండటం వల్ల బయటివాళ్లకు పెద్దగా చేరలేదు. 1987లో అమెరికాలో హైపీరియన్ అనే కంపెనీ ఇలాంటి కార్బన్ పోగులకు పేటెంటు కూడా తీసుకుంది. 2006లో జర్మనీకి చెందిన పీటర్ పాఫ్లర్ బృందం 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తిలో నానోట్యూబులు కనిపించాయని ప్రకటించింది. ఆ కత్తులకు వాడిన ఊట్జ్ ఉక్కు దక్షిణ భారతంలో మూసల్లో కాచినదే. తెలంగాణలోని కోనసముద్రం దానికి పేరుపడ్డ చోటు. మన కమ్మరుల పనితనం నిజంగా గొప్పది. అయితే దీన్నిబట్టి మనవాళ్లకు నానోటెక్నాలజీ అప్పుడే తెలుసని వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం నమ్మక్కర్లేదు. వాళ్లకు తెలిసింది ఉక్కు.

ఇక ఆ గొప్ప అంకెల సంగతి. 2000 సంవత్సరంలో రాడ్ రూఫ్ బృందం మల్టీ వాల్ గొట్టాలను ఒక్కొక్కటిగా పట్టి లాగి చూసింది. బయటి పొర తెగడానికి 11 నుంచి 63 గిగాపాస్కల్స్ (లాగుడు బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా పట్టింది. ఇళ్ల శ్లాబుల్లో వేసే ఇనుప కడ్డీ దాదాపు అర గిగాపాస్కల్ దగ్గరే లొంగిపోతుంది. అదీగాక సింగిల్ వాల్ గొట్టాల సాంద్రత ఉక్కులో ఐదారో వంతే. వేడిని మోయడంలో రాగి అంకె సుమారు 400 అయితే విడి గొట్టానికి 3,000 పైచిలుకు కొలిచారు. కరెంటు విషయంలో చదరపు సెంటీమీటరుకు 100 కోట్ల ఆంపియర్ల లెక్కన పంపినా గొట్టం తట్టుకుంటుంది. చిప్పుల్లోని సన్నని రాగి తీగ అందులో వెయ్యో వంతు దగ్గరే పాడవడం మొదలవుతుంది.

ఈ కొలతలన్నీ విడి గొట్టానివి. లక్షల గొట్టాలను కలిపి దారంగా పేనితే కథ మారుతుంది. ఒక గొట్టం ఇంకొక గొట్టాన్ని పట్టుకునే పట్టు పెన్సిల్ పొరల మధ్య ఉన్నలాంటి బలహీనమైనదే. దారాన్ని లాగితే గొట్టాలు తెగవు, ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. కరెంటు కూడా గొట్టం లోపల హాయిగా పోతుంది కానీ ఒక గొట్టం చివర నుంచి ఇంకొకదాని మీదికి దూకే ప్రతిచోటా కొంత నష్టపోతుంది. అందుకే ఒకే మందం తీగలను పోల్చితే నానోట్యూబు తీగ ఇప్పటికీ రాగి వెనకే. బరువు లెక్కన పోల్చితే దగ్గరికొస్తుంది. విమానాలు, ఉపగ్రహాలు చేసేవాళ్లకు ఆసక్తి అందుకే. పొలం మీదుగా వెళ్లే హైటెన్షన్ లైనుకు అల్యూమినియం చాలు, చవక కూడా.

మధ్యలో ఒక మాట. భూమి నుంచి 36,000 కిలోమీటర్ల ఎత్తుకు నానోట్యూబు తాడు వేసి లిఫ్టులో అంతరిక్షానికి వెళ్లొచ్చని ఏళ్ల తరబడి వ్యాసాలొచ్చాయి. రాకెట్లు లేచే శ్రీహరికోట 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి మనకు ఆ ఊహ మరీ ముచ్చటగా ఉంటుంది. చైనాలోని చింగ్‌హ్వా విశ్వవిద్యాలయం 2013లో పెంచి చూపించిన విడి గొట్టం పొడవు 55 సెంటీమీటర్లు. అప్పటికి అదే రికార్డు.

మరి పరిశ్రమలో ఇవి ఎక్కడ నిలదొక్కుకున్నాయి? గొట్టాలు వరసగా, పద్ధతిగా ఉండాల్సిన అవసరం లేని చోట. చిందరవందరగా పడి ఉన్నా పని జరిగిపోయే చోట. మొదటిది ప్లాస్టిక్. పెట్రోలు ప్లాస్టిక్ పైపులో వేగంగా పారితే స్టాటిక్ కరెంటు పుడుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు ప్రమాదానికి. పైపు ప్లాస్టిక్‌లో కొద్దిగా నానోట్యూబు పొడి కలిపితే ఆ కరెంటు ఎప్పటికప్పుడు జారిపోతుంది. హైపీరియన్ కంపెనీ కార్ల ఇంధన పైపులకు 1990లలోనే ఈ పని చేసింది. చిప్పులు మోసే ట్రేలలో, ఎలక్ట్రోస్టాటిక్ పద్ధతిలో రంగు వేసే ప్లాస్టిక్ భాగాల్లో కూడా ఇదే సూత్రం. గుండ్రని మసి కణాలైతే ఒకదానికొకటి తగిలి దారి ఏర్పడాలంటే చాలా కలపాలి, అంత కలిపితే ప్లాస్టిక్ పెళుసవుతుంది. పొడవాటి గొట్టాలు కొద్దిపాటివే ఒకదాన్నొకటి తాకుతూ ఈ చివర నుంచి ఆ చివరకు దారి వేసేస్తాయి.

రెండోది బ్యాటరీ. నా లెక్కలో అసలు విజయం ఇక్కడే, దీనికి రావలసినంత పేరు మాత్రం రాలేదు. ఒంగోలు, నెల్లూరు రోడ్ల మీద తిరిగే కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. అందులో కాథోడ్ వైపు, అంటే ప్లస్ కొసన, లిథియాన్ని దాచుకునే పొడిని చిక్కటి ముద్దలా కలిపి సన్నని అల్యూమినియం రేకు మీద పూస్తారు. ఆ పొడి తనంతట తాను కరెంటును సరిగా పోనివ్వదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే మరీ మొండి. అందుకని కార్బన్ బ్లాక్ అనే మసిపొడి కలుపుతారు. టైర్లను నల్లగా చేసేదీ అదే. మసి ఎంత ఎక్కువ కలిపితే అసలు పొడికి అంత చోటు తగ్గుతుంది, బ్యాటరీ అంత తక్కువ దాచుకుంటుంది. మసికి బదులు నానోట్యూబులు వాడితే బరువులో ఒక శాతం లోపే సరిపోతుంది. మిగిలిన చోటంతా లిథియం పొడికే. దక్షిణ కొరియాలో ఎల్‌జీ కెమ్, చైనాలో సీనానో లాంటి కంపెనీలు టన్నుల లెక్కన మల్టీ వాల్ గొట్టాలు చేస్తున్నది ప్రధానంగా ఈ గిరాకీ కోసమే.

యానోడ్ వైపు, అంటే మైనస్ కొసన, ఇంకో అవసరం వచ్చింది. గ్రాఫైట్‌కు సిలికాన్ కలిపితే చాలా ఎక్కువ లిథియం పడుతుంది, కానీ ఛార్జి ఎక్కేటప్పుడు సిలికాన్ దాదాపు మూడు రెట్లు ఉబ్బుతుంది, దిగేటప్పుడు ముడుచుకుంటుంది. నాలుగు రోజులు ఇలా జరిగేసరికి పూత పగిలి, ముక్కలు ఒకదానికొకటి దూరమై కరెంటు దారి తెగిపోతుంది. సన్నని సింగిల్ వాల్ గొట్టాలు పగిలిన ముక్కల్ని కూడా ఒకదానితో ఒకటి కలిపి ఉంచుతాయి. ఇక్కడ బలం, వంగే గుణం, వాహకత్వం మూడూ ఒకేసారి పనికొచ్చాయి.

కంప్యూటర్ చిప్పుల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 2013లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు నానోట్యూబు ట్రాన్సిస్టర్లతో (కరెంటును ఆపి వదిలే చిట్టి స్విచ్చులు) చిన్న కంప్యూటరు చేశారు, 2019లో ఎంఐటీ వాళ్లు 14,000కు పైగా ట్రాన్సిస్టర్లతో ప్రాసెసరు నడిపి చూపించారు. ఈ రోజు మామూలు ఫోను చిప్పులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఇంకా చాలా దూరం ఉంది.

సెన్సర్ల విషయం మన ప్రాంతానికి కొంచెం దగ్గర. సింగిల్ వాల్ గొట్టంలో ఉన్న ప్రతి పరమాణువూ పైకి కనబడేదే, లోపల దాక్కున్నదంటూ లేదు. ఒక అమోనియా అణువు వచ్చి తగిలినా దాని వాహకత్వం మారుతుంది. 2000లోనే దీన్ని ప్రయోగంలో చూపించారు. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు చేసేవాళ్లకు అమోనియా పెరిగిందంటే ఎంత టెన్షనో తెలిసిందే. మరి గట్టు మీద నానోట్యూబు మీటరు ఎందుకు లేదు? ఎందుకంటే అది అమోనియాకు స్పందించినట్టే తేమకూ స్పందిస్తుంది, ఇంకా ఎన్నిటికో స్పందిస్తుంది. చెరువు నీళ్లలో ఉప్పు, మేత, నాచు అన్నీ ఉంటాయి. అన్నిటికీ ఉలిక్కిపడే సెన్సరు ల్యాబులో ముచ్చటగా ఉంటుంది, చెరువు గట్టు మీద రోజూ తప్పు చెబుతుంది. ఒక్క పదార్థాన్నే పట్టే పూతలు వేసి దీన్ని దారికి తేవాలని చూస్తున్నారు.

వైద్యానికి వద్దాం. మందును గొట్టం లోపల పోసి మూత పెట్టి పంపిస్తారని చాలామంది అనుకుంటారు. ఎక్కువ ప్రయోగాల్లో జరిగింది అది కాదు. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు అణువులో చదునైన వలయాలు ఉంటాయి, అవి గొట్టం బయటి గోడకు అంటుకుంటాయి. రక్తంలో పట్టు నిలుస్తుంది. క్యాన్సర్ గడ్డ చుట్టూ ఆమ్లత్వం కొంచెం ఎక్కువ కాబట్టి అక్కడ పట్టు సడలి మందు వదులవుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో హాంగ్‌జీ దాయ్ బృందం ఈ దారిలో ఎలుకల మీద చాలా పని చేసింది. ఇంకో గుణం, ఇవి కంటికి కనబడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుని వేడెక్కుతాయి. ఆ కాంతి చర్మాన్ని దాటి కొంత లోపలికి పోగలదు. గొట్టాలు గడ్డలో చేరాక బయట నుంచి లేజర్ వేస్తే గడ్డ కణాలు వేడికి చస్తాయి. కొన్ని రకాల సింగిల్ వాల్ గొట్టాలు అదే ప్రాంతపు కాంతిలో మెరుస్తాయి కూడా, దాంతో ఎలుకల రక్తనాళాలను చర్మం మీంచే ఫొటో తీశారు. ఎంఐటీలో మైకేల్ స్ట్రానో బృందం 2013లో ఎలుక చర్మం కింద పెట్టిన నానోట్యూబు సెన్సరు ఏడాది పైన పనిచేసింది.

ఇన్ని చేసినా ఆసుపత్రి ఫార్మసీలోకి ఎందుకు రాలేదంటే, మందు అన్నాక ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండాలి. ఇక్కడ ఒకే సీసాలోని గొట్టాలే పొడవులో, అడ్డుకొలతలో, స్వభావంలో వేరువేరు. తయారీలో మిగిలిన లోహపు తునకలు పూర్తిగా పోవాలి. నీళ్లలో కరగవు కాబట్టి పైన పాలిమర్ పూత వేయాలి, లేకపోతే ముద్దకట్టి కాలేయంలోనో ప్లీహంలోనో చిక్కుకుంటాయి. అన్నిటికంటే పెద్ద ప్రశ్న, పని అయ్యాక అవి ఎక్కడికి పోతాయి? బ్యాటరీలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకపోవడం గొప్ప. ఒంట్లో అదే గుణం భయం. మన తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైము సింగిల్ వాల్ గొట్టాలను నెమ్మదిగా విరగ్గొట్టగలదని 2010లో ఒక పరిశోధన చూపించింది. అది ఆశ కలిగించే మాటే. కానీ ఏ రకం గొట్టం, ఎంత పొడవు, ఎంత మోతాదు అన్న ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

ఒంట్లోకి వెళ్లనక్కర్లేని చోట మాత్రం ఇవి ఇప్పటికే ఆసుపత్రిలో అడుగుపెట్టాయి. మామూలు ఎక్స్‌రే ట్యూబులో తీగను ఎర్రగా కాల్చి ఎలక్ట్రాన్లు రాబడతారు. నానోట్యూబు మొనలు ఎంత సూదిగా ఉంటాయంటే వోల్టేజీ ఇస్తే చాలు, కాల్చకుండానే ఎలక్ట్రాన్లు వదులుతాయి. దీంతో ట్యూబు చిన్నదై, యంత్రం బరువు తగ్గుతుంది. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఒక మొబైల్ ఎక్స్‌రే యంత్రం ఈ పద్ధతిదే. వైద్యంలో నానోట్యూబు అనగానే క్యాన్సర్ మందు గురించి మాట్లాడతాం గానీ, రోగి మంచం దగ్గరికి నెట్టుకొచ్చే ఈ బండి గురించి ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు దుమ్ము. మార్కాపురం పలకల పనిలో ఉన్నవాళ్లకు సిలికోసిస్ అనే మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పలకరాయి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో దిగి, అక్కడే ఉండిపోయి, మచ్చ కట్టిస్తుంది. ఆస్‌బెస్టాస్‌ది ఇంకో తరహా, అక్కడ పదార్థం కంటే ఆకారం ముఖ్యం. ఊపిరితిత్తుల్లో పడ్డ చెత్తను మింగి శుభ్రం చేసే కణాలు ఉంటాయి. పోగు పొట్టిదైతే మింగేస్తాయి. తమకంటే పొడవైన, గట్టి పోగు వస్తే పూర్తిగా మింగలేక, వదల్లేక, వాపు పుట్టించే రసాయనాలు కక్కుతూ ఉంటాయి. ఏళ్లు గడిచాక అది మీసోథీలియోమా అనే క్యాన్సర్ దాకా పోవచ్చు. సన్నగా, పొడవుగా, గట్టిగా, కరగకుండా ఉండటం నానోట్యూబు లక్షణం కూడా. 2008లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు పొడవాటి మల్టీ వాల్ గొట్టాలను ఎలుకల పొట్టలో పెట్టి చూస్తే ఆస్‌బెస్టాస్ లాంటి ప్రతిస్పందనే కనిపించింది. పొట్టివి, చిక్కుపడి ఉండలు కట్టినవి అలా చేయలేదు. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎండబ్ల్యూసీఎన్‌టీ-7 అనే ఒక్క రకాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. మిగతా రకాలపై తీర్పు చెప్పడానికి ఆధారాలు చాలవంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పనిచేసే చోట ఘనపు మీటరు గాలిలో 1 మైక్రోగ్రాము దాటవద్దని 2013లో సూచించింది. మామూలు దుమ్ముకు పెట్టే హద్దులతో పోల్చితే ఇది చాలా కఠినం.

స్కూటర్ వాడేవాళ్లు దీనికి కంగారు పడనక్కర్లేదు. బ్యాటరీలో, ప్లాస్టిక్‌లో ఇరుక్కున్న గొట్టం గాల్లోకి లేవదు. భయం ఉండాల్సింది పొడి సంచులు విప్పి కలిపే పనివాళ్లకు, రేపు పాత బ్యాటరీలను ముక్కలు చేసి లోహాలు తీసేవాళ్లకు. మన దగ్గర ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకుల్నే ఇప్పటికీ ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా కోస్తున్నాం. పాత బ్యాటరీల పని కూడా ఏదో ఒక పారిశ్రామికవాడ మూలన అలాగే మొదలవుతుందేమోనన్నదే నా అనుమానం.

చివరగా నీళ్లు. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత కష్టం తెచ్చిందో ప్రకాశం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. నానోట్యూబుల మీద అల్యూమినాను పట్టించి ఫ్లోరైడ్‌ను పీల్చవచ్చని చైనా శాస్త్రవేత్తలు 2001లోనే చూపించారు. జాగ్రత్తగా చూస్తే ఫ్లోరైడ్‌ను పట్టేది అందులో ప్రధానంగా అల్యూమినా. గొట్టం ఇచ్చేది దాన్ని పరచడానికి చోటు. ఉత్త యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతీ ఉంది. ఊళ్లలో ఇవి ఆగిపోయింది టెక్నాలజీ పాతదై కాదు, మార్చాల్సిన పొడి మార్చేవాళ్లు లేక, మిగిలిన మడ్డిని ఎక్కడ వేయాలో తెలియక. ఖరీదైన పొడి పెడితే ఆ రెండు సమస్యలూ తగ్గవు. ఆ ప్రాంతానికి నా ఓటు వెలిగొండ ప్రాజెక్టు కాలువ నీళ్లకే.

అయినా ఎవరైనా నానో కార్బన్ ఫిల్టరని చెప్పి పంచాయతీకి అమ్మజూపితే, ఫిల్టరు ముందు, తర్వాత ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాసివ్వమనండి. ఆ అంకె కంపెనీ కరపత్రంలోది కాకుండా గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో తేలినది కావాలి. గొట్టాలు నీళ్లలోకి వస్తున్నాయా అని పరీక్షించిన కాగితం ఉందా, ఫ్లోరైడ్‌తో నిండిపోయిన పొడిని ఎన్ని నెలలకు ఎవరు వచ్చి తీసుకెళ్తారు, ఆ ఖర్చు ఎవరిది అన్నవి కూడా సంతకం పెట్టకముందే అడగాలి.